మడతలో ఉండిపోయిన మూడు వాక్యాలు

మా కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. దాన్ని ఎలా వాడాలో రాసేది మాత్రం ఒక్కామే. అందరూ ఆమెను పుస్తకాలక్క అనేవారు. ఆమెకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలిచేవారు, ఆమె పలికేది.

తాగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లలో పంపుల్నీ వాల్వుల్నీ నడిపే సాఫ్ట్‌వేర్ మాది. ఆమె టైపిస్టుగా చేరింది. మేము చేత్తో రాసిచ్చిన గొలుసుకట్టు కాగితాలను శుభ్రంగా టైపు చేయడమే ఆమె పని. చేరిన మూడో రోజున ఒక కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. అందులో నేనే రాసిన ఒక వాక్యం కింద గీత గీసి ఉంది. "'తగిన విధంగా సరిచేయవలెను' అన్నారు. తగిన విధం అంటే ఎలాగండీ?" అని అడిగింది. నాకూ తెలియదు. తెలిసినవాళ్ళు ప్లాంటులో ఉంటారని చెప్పి తప్పించుకున్నాను. ఆమె మర్నాడు రెండు బస్సులు మారి ప్లాంటుకు వెళ్ళింది. అలా మొదలైన పని ఇరవై రెండేళ్ళు సాగింది.

ఆ ప్లాంటులో సీనియర్ ఆపరేటర్‌ను అందరూ పెదనాన్న అనేవారు. మందపాటి కళ్ళద్దాలు, మోచేతుల పైదాకా మడిచిన చొక్కా, ఎప్పుడూ తడిగా ఉండే చేతులు. చదువు పెద్దగా లేదు. కానీ చదవడం మొదలుపెడితే అక్షరాల కింద వేలు పెట్టుకుని ఆఖరి చుక్క దాకా చదివేవాడు. ఆఫీసు మనుషులంటే ఆయనకు కొంచెం వెటకారం. "వీళ్ళు తిరిగే కుర్చీల్లో కూర్చుని రాస్తారమ్మాయీ. అక్కడ కూర్చుంటే అన్నీ తిరుగుతాయనిపిస్తుంది. మా వాల్వు తిరగదు" అని ఆమెతో మొదటిరోజే అన్నాడట. ఆమె ఆ మాట తెచ్చి మా అందరికీ చెప్పింది. మేము నవ్వాం, కొంచెం ముఖాలు మాడ్చుకున్నాం కూడా.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. తను రాసింది ఆమె పైకి చదువుతుంది. ఆయన మాట్లాడకుండా, చెప్పింది చెప్పినట్టు చేతులతో చేసుకుపోతాడు. ఆయన చెయ్యి ఎక్కడ ఆగితే ఆమె అక్కడ పెన్సిలుతో ఒక గీత పెడుతుంది. ఎందుకు ఆగిందని అడగదు, ఆఫీసుకు వచ్చి ఆ వాక్యం మళ్ళీ రాస్తుంది. ఒకసారి మాలో ఒకడు, తప్పు ఆయనదే కావచ్చు కదా అన్నాడు. "ఆయన చెయ్యి పదిహేనేళ్ళుగా ఆ పని చేస్తోంది. నా వాక్యం నిన్న పుట్టింది" అంది.

రాయడం ఒక ఎత్తు, రాసినదాన్ని ఏ రూపంలో ఇవ్వాలన్నది మరొక ఎత్తు. దీని మీద ఆమె చాలా ఆలోచించేది. మాకు అది పెద్ద విషయంగా కనిపించేది కాదు. మొదటి మాన్యువల్ అట్ట వేసి కుట్టిన పుస్తకం. మూడు వందల పన్నెండు పేజీలు. ప్రెస్సు నుంచి వచ్చిన రోజు ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని ప్లాంటుకు తీసుకెళ్ళింది. ఆరు నెలల్లో అది ఆ చెమ్మకు దిండులా ఉబ్బింది. పెదనాన్న ఒకరోజు బ్లేడు తీసుకుని దాని కుట్లు కోసేశాడు. తనకు కావలసిన పేజీలు విడదీసి, ప్లాస్టిక్ కవర్లలో దూర్చి, ఏ గదికి కావలసినది ఆ గది తలుపు పక్కన మేకుకు తగిలించాడు. మేకులకు వేలాడుతున్న తన పుస్తకాన్ని చూసి ఆమెకు ఏడుపొచ్చిందట. ఇంటికి వెళ్ళాక ఆలోచించి ఆయనే రైటు అనుకుంది. తర్వాతి మాన్యువల్‌లో ఏ పనికి ఆ పని ఒక కాగితంలో సరిపోయేలా రాసింది. కింద పేజీ నంబరు, ఎన్నిట్లో ఎన్నోదో కూడా వేసింది. కుట్టకుండా విడి కాగితాలుగా పంపింది.

తర్వాత పీడీఎఫ్ ఫైళ్ళు వచ్చాయి. వాటితో ఇబ్బంది లేదు, ప్రింటు తీసుకుంటే అదే కాగితం. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లోనే ఒక బటన్ నొక్కితే సహాయం కిటికీ తెరుచుకునేలా పెట్టాం. అది నా ఆలోచనే, దాని మీద నాకు గర్వంగా ఉండేది. ఆమె రెండు నెలలు గమనించి దాన్ని తీసేయించింది. ప్లాంటులో ఉండేది ఒకటే తెర. సహాయం కిటికీ తెరుచుకుంటే కింద ఎర్రగా వెలిగే హెచ్చరికలు దాని వెనకాల పడిపోతాయి. "సాయం అడిగినవాడికి ముందు కళ్ళకు గంతలు కడుతున్నాం" అని నాకు చీటీ రాసింది.

కొత్త రూపం ఏది వచ్చినా ఆమె అడిగే ప్రశ్నలు మూడే. ఎవరు చదువుతారు? ఎక్కడ నిలబడి చదువుతారు? అప్పుడు వాళ్ళ చేతులు ఎలా ఉంటాయి? సమావేశాల్లో పెద్ద పెద్ద మాటలు నడుస్తున్నప్పుడు ఆమె ఈ మూడూ అడిగి ఊరుకునేది. చాలాసార్లు చర్చ అక్కడే ముగిసిపోయేది.

మడతల పేజీలు మాకు కొత్త మేనేజరు వచ్చిన ఏడాది వచ్చాయి. ఇంటర్నెట్ పేజీలాగే ఉంటుంది. కానీ ఒక్కో అంశం కింద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే వివరం విప్పుకుంటుంది, మళ్ళీ నొక్కితే ముడుచుకుంటుంది. మాన్యువల్ పేజీలు మరీ పొడుగ్గా ఉన్నాయని చాలా ప్లాంట్ల నుంచి ఫిర్యాదులు వస్తున్నాయి. మేనేజరు మూడు రూపాలు చూపించి, ఏది కావాలో ఎంచుకోమని ఆమెకే వదిలేశాడు. ఆమె మడతలది ఎంచుకుంది. ఎవరో ఒత్తిడి పెట్టారని చెప్పుకుంటే తర్వాత ఆమెకు కొంత తేలికయ్యేది. అలా చెప్పుకోలేదు. ఆ పేజీ ఆమెకు నిజంగా నచ్చింది. తెలిసినవాడికి చిన్నదిగా, తెలియనివాడికి విప్పుకుంటే పెద్దదిగా ఉండే పేజీ కోసమే ఇన్నేళ్ళూ ఎదురుచూశానని నాతో అంది.

తన మూడు ప్రశ్నలూ మర్చిపోలేదు. ప్లాంటుకు ఒక టాబ్లెట్ పంపించారు. ఆమె దాన్ని పట్టుకుని పెదనాన్న పక్కన రెండు రోజులు నిలబడింది. ఆయన వేలితో త్రికోణాలు నొక్కి, విప్పి, చదివి, ముడిచి, అన్ని పనులూ చేసి చూపించాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. "ఈ మడతలు బాగున్నాయమ్మాయీ, మా ఇంటావిడ చీరల బీరువాలా" అన్నాడు. ఆమె సంతోషంగా తిరిగొచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఒక్క గీత కూడా పెట్టకుండా రావడం అదే మొదటిసారి.

తర్వాత జరిగింది చాలా మామూలు విషయం. గ్లవుజులు తొడుక్కున్న చేతికి టాబ్లెట్ పలకదు. తడి వేలికి పలికినా ఒకటి నొక్కితే ఇంకొకటి తెరుచుకుంటుంది. రెండు వారాలకు ఆయన దాన్ని తుడిచి బీరువాలో దాచాడు. ఆఫీసు గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని తనకు కావలసిన పేజీలు ప్రింటు తీసుకున్నాడు, కవర్లలో పెట్టి మేకులకు తగిలించాడు. అలా చేస్తానని ఆమెకు చెప్పలేదు. ఎప్పుడూ చేసే పనే, చెప్పడానికేముంది?

ఇక్కడ నా సంగతి ఒకటి రాయాలి. క్లోరిన్ గదిలో సిలిండరు మార్చేటప్పుడు ఆపరేటరు ముందు సాఫ్ట్‌వేర్‌ను మరమ్మతు పద్ధతిలో పెట్టాలి. అప్పుడు ఆ గదిలో మోటార్లు వాటంతటవి తిరగవు. అంతకుముందు ఆ పద్ధతిలో కూడా గాలిని బయటికి లాగే ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉండేది. వేరే ప్లాంటులో ఒక ఎలక్ట్రీషియన్ ఫ్యాను బాగుచేస్తుండగా అది దానంతటదే తిరిగి అతని వేలు తెగింది. దాంతో మరమ్మతు పద్ధతిలో ఫ్యాను కూడా ఆగిపోయేలా మార్చమన్నారు. ఆ మార్పు చేసింది నేను. చేసిన రోజునే అక్కకు చెప్పాను. ఆమె వెంటనే మూడు వాక్యాలు రాసింది. మరమ్మతు పద్ధతిలో ఫ్యాను ఆగిపోతుంది. లోపలికి వెళ్ళే ముందు గోడ మీది స్విచ్‌తో దాన్ని మీరే వేసుకోండి. అయిదు నిమిషాలు ఆగి వెళ్ళండి. ఈ మూడింటినీ ఆరో అంశం కింద మడతలో పెట్టింది. పాత పద్ధతిలో తిరుగుతూనే ఉండే ఫ్యాను ఇప్పుడు ఆగిపోతుందని తెలియడానికి ఆ మూడు వాక్యాలు తప్ప వేరే దారి లేదు.

కొత్త వెర్షన్ వచ్చిందని తెలియగానే పెదనాన్న పద్ధతి ప్రకారం ఆ పేజీ మళ్ళీ ప్రింటు తీసి, కవరులో పాతది మార్చి కొత్తది పెట్టాడు. అలా మార్చిన పదకొండో రోజున, పొద్దున పదింటప్పుడు, సిలిండరు మార్చడానికి లోపలికి వెళ్ళాడు. మాస్కు పెట్టుకునే వెళ్ళాడు. ఫ్యాను తిరుగుతున్న గదికి సరిపోయే తేలికపాటి మాస్కు అది. పక్క గదిలో పంపుల హోరులో ఫ్యాను చప్పుడు ఉందో లేదో వినబడదు. మోకాళ్ళ మీద కూర్చుని నట్టు వదులు చేశాడు. పైపులో మిగిలిన గ్యాసు బయటికొచ్చింది. క్లోరిన్ గాలికన్నా బరువు, నేల మీదే నిలుస్తుంది. ఆయన నట్టు మళ్ళీ బిగించి, తన కాళ్ళ మీదే బయటికొచ్చి, తలుపు వేసి, అప్పుడు పడిపోయాడు.

ఆస్పత్రి నుంచి ప్రాణాపాయం లేదన్న కబురు వచ్చేదాకా అక్క తన బల్ల దగ్గరే కూర్చుంది. మధ్యలో ఒకసారి తెర మీద ఆ పేజీ తెరిచింది. ఆరో అంశం కింద త్రికోణం నొక్కింది. మూడు వాక్యాలూ ఉన్నాయి. "రాశాను, ఉంది" అని నా వైపు చూసి ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి పీల్చుకున్నందుకు ఆమె తనను తాను ఎప్పటికీ క్షమించుకోలేదు.

మర్నాడు ఆయన సామాను తీసుకురావడానికి మేమిద్దరం ప్లాంటుకు వెళ్ళాం. క్లోరిన్ గది తలుపు పక్కన మేకుకు కవరు వేలాడుతోంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని చదివింది. అయిదు, ఆరు, ఏడు. ఆరు కింద "గమనికలు" అని ఒక మాట, దాని పక్కన చిన్న నల్లటి త్రికోణం. అంతే. కాగితం మీద ఆ త్రికోణాన్ని ఎంత నొక్కినా ఏమీ విప్పుకోదు. ఆమె ప్లాస్టిక్ మీద బొటనవేలు పెట్టి ఒకసారి నొక్కింది కూడా. తర్వాత కవరును మేకు నుంచి తీసి తన సంచిలో పెట్టుకుంది.

ఆఫీసులో ఎవరం ఎప్పుడూ ఆ పేజీలకు ప్రింటు కొట్టి చూడలేదు. మేమందరం తెర మీదే చూశాం. ఆమె కూడా.

కంపెనీ వాళ్ళు వేసిన విచారణ మొదటి నివేదికలో సూచనలు అందుబాటులో ఉన్నా ఆపరేటరు చదవలేదని రాశారు. అది చూసి అక్క మేనేజరు గదిలోకి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

మేనేజరు చెడ్డవాడేమీ కాదు. "అక్కా, పేజీలో ఉందిగా. ఆయన మడత విప్పలేదు, అంతే కదా" అన్నాడు.

ఆమె కవరు బల్ల మీద పెట్టింది. "విప్పండి" అంది.

మేనేజరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆమె అక్కడే కూర్చుని తన తప్పేమిటో ఒక పేజీ రాసి సంతకం పెట్టింది. "రూపం ఎంచుకున్నది నేను, ప్రింటులో ఎలా వస్తుందో చూడనిది నేను, ఈ ప్లాంటులో ప్రింటు కాగితాలే వాడతారని ఇరవై రెండేళ్ళుగా తెలిసినది నేను. ఆపరేటరు చదవవలసినదంతా చదివాడు, చేయవలసినదంతా చేశాడు." నివేదిక మార్చారు. ఆమె ఉద్యోగం పోలేదు. అన్ని మాన్యువళ్ళలోనూ కలిపి ఆరు వందల నలభై మడతలు ఉన్నాయి. ఆమె వాటిని ఒక్కొక్కటే విప్పి, అందులోని మాటలను బయట మామూలు వాక్యాలుగా పెట్టింది. ప్రోగ్రాముతో ఒక్క పూటలో చేసిపెడతానన్నాను. వద్దంది. తొమ్మిది రోజులు పట్టింది.

ఆయన ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాడని తెలిశాక, మారిన నివేదిక కాపీ తీసుకుని వెళ్ళింది. అప్పటికే ఆస్పత్రిలో రెండుసార్లు చూసింది. రెండుసార్లూ ఆయన, "నేనే సరిగ్గా చదవలేదమ్మాయీ" అన్నాడు. కాదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. చేతిలో నివేదిక ఉంటే చెప్పగలననుకుంది.

రెండు గదుల ఇల్లు. కిటికీ పక్కన మంచం, మంచం కింద గుర్రుమంటూ ఆక్సిజన్ మిషను. దాని నుంచి వచ్చిన సన్నటి గొట్టం ఆయన ముక్కు దాకా ఉంది. నేల మీద, కుర్చీ మీద, గూట్లో, ఎక్కడ చూసినా ప్లాస్టిక్ కవర్లే. ప్లాంటు నుంచి తన పాత కవర్లన్నీ తెప్పించుకున్నాడు. ఆయన నివేదికను అక్షరాల కింద వేలు పెట్టుకుని ఆఖరిదాకా చదివాడు. మధ్యలో నాలుగుసార్లు ఊపిరి కోసం ఆగాడు.

"వీళ్ళు నీ మాట విని రాశారు" అన్నాడు.

"నా మాట కాదు పెదనాన్నా, కాగితం చూసి రాశారు."

"ఏ కాగితం? అక్కడ ఉన్నది మొత్తం కాదు. ఒక షీటు పోయింది." ఆగాడు. "కింద నంబర్లు కూడా వేయలేదు నువ్వు ఈసారి. ఏది పోయిందో తెలిసి చావడం లేదు."

షీటేమీ పోలేదని, ఆ మాటలు అసలు ప్రింటే కాలేదని ఆమె చెప్పింది. తను తెచ్చిన ప్రింటు చూపించింది. ఆయన దాన్ని పక్కకు నెట్టాడు.

"ఇది నువ్వు తీసేసి కొట్టుకొచ్చావు. అంత పెద్ద సంగతి నువ్వు వదిలేస్తావా? నీ సంగతి నాకు తెలీదా? ముసలాణ్ణి కాపాడ్డానికి నీ మీద వేసుకుంటున్నావు. వద్దమ్మాయీ. నాకు దొంగ సర్టిఫికెట్టు ఎందుకు?"

ఆమె రాతలో తప్పు ఉంటుందని నమ్మడం కన్నా తన చేతిలో తప్పు జరిగిందని నమ్మడమే ఆయనకు సులువుగా ఉంది. ఆయన మళ్ళీ కవర్లు తిరగేయడం మొదలుపెట్టాడు.

వాకిట్లోకి వచ్చాక ఆయన భార్య ఆమె చెయ్యి పట్టుకుంది. పొద్దున లేస్తే ఇదే పని అంది. బీరువా వెనకాల చూడమంటాడు, పరుపు కింద చూడమంటాడు, నిద్ర లేదు, తిండి లేదు. డాక్టరు విశ్రాంతి అంటే ఈయన వెతుకులాట అంటాడు.

"ఆ మూడు ముక్కలూ ఒక కాగితం మీద కొట్టుకొచ్చెయ్యమ్మా. బీరువా సందులో దొరికిందని నేను చెబుతాను."

"అలా చేస్తే ఆయనే పోగొట్టినట్టు అవుతుంది పెద్దమ్మా."

"అయితే కానీ. వెతకడం ఆగుతుంది కదా."

అక్క ఇంటికి వెళ్ళి ఆ కాగితం నిజంగానే తయారుచేసింది. ఆమె భర్త దర్జీ. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు. కుట్టుమిషను మీద ఒక ప్యాంటు నడుము వదులు చేస్తున్నాడు. ఆమె కాగితం ఆయన ముందు పెట్టి సంగతంతా చెప్పింది. ఆయన కుడుతూనే విన్నాడు. మామూలుగా అయితే ఆమె పుస్తకాల మీద జోకులు వేసే మనిషి. నీ పుస్తకాలకు గుండీలు కుట్టినా కొనేవాడు ఉండడని ఏడిపించేవాడు. ఆ రోజు జోకు వేయలేదు. దారం తెంపి, "నడుము సరిపోతుందని నేను ఎంత చెప్పినా కస్టమరు నమ్మడు. నేనూ వాదించను. వేసుకుని చూసుకోమంటాను" అన్నాడు.

మర్నాడు ఆమె నా దగ్గరికి వచ్చి ప్రమాదం జరిగిన రోజు పేజీ ఎలా ఉందో అలాగే ఒక లాప్‌టాప్‌లో పెట్టిమ్మంది. పాత కాపీలన్నీ ఉంటాయి కనుక పెట్టిచ్చాను. ఆదివారం వాళ్ళాయన స్కూటరు మీద ముందు ప్రింటరు, వెనక ఆమె, ఆమె ఒళ్ళో లాప్‌టాప్. నేను నా బండి మీద వెళ్ళాను, వైర్లు కలపడానికి.

మంచం మీదికి చిన్న బల్ల లాగి దాని మీద అన్నీ పెట్టాం. ఆమె ఏమీ వివరించలేదు. "పెదనాన్నా, మీరే చేసి చూడండి" అంది, అంతే. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత పనిలోకి వచ్చిన మనిషిలా నడుము నిటారు చేసుకున్నాడు. ఆరో అంశం దగ్గర త్రికోణం నొక్కాడు. మూడు వాక్యాలూ విప్పుకున్నాయి. వేలు పెట్టి చదివాడు.

"ఇదిగో. చెప్పానా? ఉంది" అన్నాడు. ముఖం వెలిగింది. తన తప్పు రుజువైందన్న సంతోషం ఆ ముఖంలో చూడటం నా వల్ల కాలేదు. కిటికీలోంచి బయటికి చూశాను.

"ఉంది. ఇప్పుడు ప్రింటు కొట్టండి" అంది ఆమె.

కొట్టాడు. రెండు షీట్లు వచ్చాయి. ఒకదాని తర్వాత ఒకటి తీసుకుని వేలు పెట్టి చదువుకుంటూ పోయాడు. ఆరు. గమనికలు. త్రికోణం. ఏడు. వేలు వెనక్కి వెళ్ళింది. మళ్ళీ ఆరు, మళ్ళీ ఏడు. ఆయన చెయ్యి ఆగిపోయింది. తెర వైపు చూశాడు. మడత విప్పే ఉంది, మూడు వాక్యాలూ అక్కడే ఉన్నాయి. మళ్ళీ ప్రింటు కొట్టాడు. మళ్ళీ అవే రెండు షీట్లు. మడత ముడిచి ఒకసారి, విప్పి ఒకసారి, మొత్తం అయిదుసార్లు కొట్టాడు. పది షీట్లనూ ఒళ్ళో వరసగా పేర్చుకున్నాడు.

"ఇది నువ్వు ఒక్కసారీ కొట్టి చూడలేదా?" అన్నాడు.

"లేదు."

"నా కవర్లు చూశావుగా, ఇన్నేళ్ళూ."

"చూశాను."

"కుట్లు నేను కోసినప్పటి నుంచీ."

"అప్పటి నుంచీ చూశాను పెదనాన్నా."

ఆయన కోప్పడలేదు. కోప్పడటానికి కావలసిన ఊపిరి లేదనుకున్నాను కానీ అది కాదు. షీట్లన్నీ అంచులు కలిపి బల్ల మీద పెట్టాడు. కళ్ళద్దాలు తీశాడు. భార్య వైపు తిరిగి, "మేడం గారు వెళతారేమో, టీ ఇవ్వు" అన్నాడు.

అక్క టీ తాగింది. కప్పు కడిగి పెట్టబోతే ఆయన భార్య తీసుకుంది. మేము సామాను సర్దుకుని బయటికి వచ్చాం. స్కూటరు ఎక్కే ముందు వాళ్ళాయన ఆమె ముఖం చూసి, ప్రింటరు తన కాళ్ళ దగ్గర గట్టిగా కట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే పెదనాన్న కవర్లన్నీ మూట కట్టించి అటక మీద పెట్టించాడట. మళ్ళీ వెతకలేదు. చూడటానికి వచ్చిన ప్లాంటు వాళ్ళతో, తను చదివింది చదివినట్టే చేశానని, తప్పు కాగితంలో ఉందని చెప్పేవాడు. ఎవరు రాశారన్నది మాత్రం ఎవరికీ చెప్పలేదు. అక్క ప్రతి ఆదివారం వెళ్ళేది. ఆయన మర్యాదగా కూర్చోమనేవాడు, రాకపోకల గురించీ ఎండల గురించీ అడిగేవాడు, మేడం అనేవాడు. ఒకసారి కొత్త మాన్యువల్ కాగితాలు తీసుకెళ్ళి ఆయనకు వినిపిస్తానంది. "నా చేతులు పనికిరావండీ, కుర్రాళ్ళకు వినిపించండి" అన్నాడు. అండీ అన్నాడని ఆమె నాతో రెండుసార్లు చెప్పింది.

నాలుగు నెలలు బతికాడు. ఆయన పోయిన మూడో రోజున ఆమె వెళ్ళింది, నేనూ వెళ్ళాను. మిషను తీసుకెళ్ళిపోయారు. మంచం ఖాళీగా ఉంది. ఆయన భార్య అక్కను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏడవడం అయిపోయిన గొంతుతో మామూలుగా మాట్లాడింది.

"నువ్వు ఆ ప్రింటరు తెచ్చిన రోజు నాకు నీ మీద కోపం వచ్చిందమ్మా. దొరికిందని ఒక్క మాట చెబితే పోయేదానికి ఎందుకిదంతా అనుకున్నాను. కానీ ఆ రాత్రి నుంచి పోయేదాకా ఆయన బాగా నిద్రపోయాడు. అది నీకు చెప్పాలనిపించింది."

అక్క తల ఊపింది. ఆయన తన గురించి ఏమైనా అన్నాడా అని అడుగుతుందేమో అనుకున్నాను. అడగలేదు. పెద్దమ్మ చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుని కాసేపు పట్టుకుని, లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంది.